నేనెవరో ముందు చెప్పేది ఎదుటివాళ్లే

(ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నాకు చాలా పెద్ద విషయం ఇచ్చారు, టైమేమో తక్కువ. కాబట్టి ఉపోద్ఘాతం వదిలేసి ఒక చిన్న పనితో మొదలుపెడదాం. మీ దగ్గర కాగితం, పెన్ను ఉంటే తీయండి. లేకపోతే మనసులోనే చేయండి. "నేను ఎవరిని?" అన్న ప్రశ్నకు ఇరవై జవాబులు రాయాలి. ఎవరికీ చూపించక్కర్లేదు, మార్కులు కూడా లేవు.

(కాసేపు విరామం)

చాలండి. ఇరవై పూర్తి కాలేదని మీ ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. కంగారు పడకండి, చాలామందికి సగం దాటేసరికి పెన్ను ఆగిపోతుంది. ఈ పరీక్షను అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో మాన్‌ఫర్డ్ కూన్, థామస్ మెక్‌పార్ట్‌లాండ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు తయారుచేసి 1954లో ప్రచురించారు. జనం ఏ వరుసలో రాస్తారన్నది వాళ్లకు ఆసక్తి కలిగించింది. ముందు వచ్చేవి: విద్యార్థిని, ఆడపిల్లని, ఫలానా మతంవాణ్ని, ఇంట్లో పెద్దకొడుకుని, పెళ్లయినవాణ్ని. ఇలాంటివన్నీ అయిపోయాక గానీ "నాకు కోపం ఎక్కువ", "నేను కొంచెం బోరు మనిషిని", "నేను అందరితో కలిసిపోతాను" లాంటివి బయటికి రావు. మీ కాగితాలు ఒకసారి చూసుకోండి. మొదటి నాలుగైదు జవాబుల్లో మీరు కూర్చుని ఆలోచించి ఎంచుకున్నవి ఎన్ని? మీరు పుట్టగానే ఎవరో మీ చేతిలో పెట్టినవి ఎన్ని?

లోపల ఎక్కడో "అసలు నేను" అని ఒకటి దాక్కుని ఉంటుంది, తవ్వుకుంటూ పోతే ఎప్పటికో దొరుకుతుంది అని మనలో చాలామందికి నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. మనం ఎవరమో ముందుగా చెప్పేది ఇతరులు. మనం దానికి జవాబు ఇస్తాం. కొంత ఒప్పుకుంటాం, కొంత సవరిస్తాం, కొన్నిసార్లు ఎదురు తిరుగుతాం. జీవితం పొడవునా ఇచ్చే ఆ జవాబులతోనే మన గుర్తింపు తయారవుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. జవాబు చెప్పే అవకాశం అందరికీ ఒకేలా ఉండదు. ఈ రెండో సంగతిని చాలా పాఠ్యపుస్తకాలు ఒక పేరాలో చెప్పేసి ముందుకు వెళ్లిపోతాయి. నేను అక్కడే కాసేపు ఆగాలనుకుంటున్నాను. అక్కడికి చేరడానికి మాత్రం పసిపిల్లల దగ్గర నుంచి బయల్దేరాలి.

1970లో గోర్డన్ గాలప్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చింపాంజీలకు మత్తు ఇచ్చి, వాటి ముఖం మీద వాసన లేని ఎర్రరంగు పూశాడు. మెలకువ వచ్చాక వాటికి అద్దం చూపించాడు. అవి అద్దాన్ని తడమలేదు, తమ ముఖం మీది మచ్చనే తడుముకున్నాయి. అద్దంలో ఉన్నది తామేనని వాటికి తెలుసన్నమాట. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ ఇదే పద్ధతిని పసిపిల్లలతో చేసి చూసింది. ముక్కు మీద చిన్న రంగు చుక్క పెట్టి అద్దం ముందు నిలబెట్టింది. ఏడాది పిల్లలు అద్దంలోని పాపతో ఆడుకుంటారు. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్యలో చాలామంది పిల్లల చెయ్యి తమ ముక్కు మీదికే వెళుతుంది.

ఈ రెండు ప్రయోగాలూ మీలో చాలామంది వినే ఉంటారు. అంతగా ఎవరూ చెప్పుకోనిది ఒకటుంది. 1971లోనే గాలప్ బృందం తోటి జంతువులకు దూరంగా, ఒంటరిగా పెంచిన చింపాంజీలకు ఇదే పరీక్ష పెట్టింది. వాటికీ అద్దం చూసుకునే అవకాశం ఇచ్చారు. అయినా తమను తాము గుర్తుపట్టిన దాఖలాలు కనిపించలేదు. కళ్లు ఉన్నాయి, మెదడు ఉంది, ఎదురుగా అద్దం ఉంది. ఇంకో చింపాంజీతో కలిసి బతికిన అనుభవం ఒక్కటే లేదు. ఎదుటివాడు లేకపోతే "నేను" అనేది కూడా సరిగ్గా ఏర్పడదేమో అని అనుమానం కలిగించే ప్రయోగం ఇది. నన్నడిగితే ఈ రంగంలో దీన్ని మించింది తక్కువ.

పిల్లల విషయంలో ఇంకో ముచ్చట. అద్దంలో తనను తాను గుర్తుపట్టే వయసులోనే పిల్లలకు సిగ్గుపడటం కూడా వస్తుందని మైఖేల్ లూయిస్ బృందం గమనించింది. తనను తాను గుర్తుపట్టని పాపను ఎంత పొగిడినా, అందరి ముందు డాన్స్ చేయమన్నా పెద్దగా సిగ్గుపడదు. గుర్తుపట్టే పాప ముఖం పక్కకు తిప్పుకుంటుంది, చేతుల్లో దాచుకుంటుంది. అంటే "ఇది నేను" అని తెలిసిన కొద్ది రోజులకే "వీళ్లు నన్ను చూస్తున్నారు" అని కూడా తెలిసిపోతోంది. అయితే ఈ అద్దం పరీక్షను మరీ నెత్తిన పెట్టుకోకండి. కెన్యాలో చేసినప్పుడు అంతకంటే పెద్ద పిల్లలు కూడా చాలామంది అద్దం ముందు కదలకుండా నిలబడిపోయారు. వాళ్లకు తమ గురించి తెలియదని కాదు. పెద్దవాళ్లు పెట్టిన మచ్చను తుడుచుకోవచ్చా, లేదా అన్నది వాళ్లు పెరిగిన తీరును బట్టి ఉంటుంది.

ఇతరుల కళ్లలో మనల్ని మనం చూసుకుంటామన్న ఆలోచనకు ఒక పద్ధతి తెచ్చినవాడు అమెరికా సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ కూలీ. 1902లో ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది: ఎదుటివాడికి నేను ఎలా కనిపిస్తున్నానో ఊహించుకుంటాను. చూసి ఏమనుకుంటున్నాడో ఊహించుకుంటాను. ఆ ఊహను బట్టి గర్వపడతాను, లేదా కుంగిపోతాను. ఇందులో కీలకం ఊహ. ఎదుటివాడు నిజంగా ఏమనుకుంటున్నాడో మనకు తెలియదు. 1979లో ష్రాగర్, షోనెమన్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. మన గురించి మనకున్న అభిప్రాయం, ఇతరులు మన గురించి ఏమనుకుంటున్నారని మనం అనుకుంటామో దానితో బాగానే సరిపోతోంది. ఇతరులు నిజంగా అనుకునేదానితో మాత్రం అంతగా సరిపోవడం లేదు. మనం భయపడే చూపుల్లో చాలా భాగం మనం కల్పించుకున్నవేనన్నమాట.

దీనికి ఒక సరదా ప్రయోగం ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు ఒక విద్యార్థికి తోటివాళ్లు నవ్వుకునేలాంటి గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగించి, మిగతా విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపేవారు. బయటికి వచ్చాక "నీ టీషర్టు మీద ఉన్నదెవరో ఎంతమంది గమనించి ఉంటారు?" అని అడిగేవారు. టెన్షన్‌లో ఉన్న ఆ కుర్రాళ్ల లెక్క ప్రకారం దాదాపు సగం మంది. నిజంగా గమనించింది నాలుగో వంతు. ఈ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. టీనేజీ పిల్లలున్న తల్లిదండ్రులకు ఇది చెప్పినా ఉపయోగం ఉండదు లెండి, పిల్లలు నమ్మరు.

మరి ఇతరులు మనలో దేన్ని ముందు చూస్తారు? మనం మనలో దేన్ని ముందు చూసుకుంటాం? 1970ల్లో విలియం మెక్‌గైర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త స్కూలు పిల్లలను "నీ గురించి చెప్పు" అని అడిగాడు. క్లాసులో అందరిలా ఉన్న సంగతులను పిల్లలు చెప్పలేదు. వేరే దేశంలో పుట్టినవాళ్లు పుట్టిన చోటు చెప్పారు. జుట్టు రంగు అరుదైనవాళ్లు జుట్టు గురించి చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్లకూ మనకూ ఎక్కడ తేడా ఉందో అక్కడే మన దృష్టి నిలుస్తుంది. అందుకే ఒకే మనిషికి ఒక గదిలో తన భాష గుర్తుకొస్తుంది, ఇంకో గదిలో తను ఆడమనిషినని గుర్తుకొస్తుంది, మూడో గదిలో తన వయసు గుర్తుకొస్తుంది. సంఖ్యలో ఎక్కువగా ఉన్నవాళ్లకు, అధికారం ఉన్నవాళ్లకు ఈ అనుభవం తక్కువ. "నేను ఏ గుర్తింపూ పట్టించుకోను, అందర్నీ మనుషుల్లాగే చూస్తాను" అని గట్టిగా చెప్పేవాళ్లను జాగ్రత్తగా గమనించండి. చాలాసార్లు ఆ గదిలో ఎవరూ వాళ్లను వేరుగా చూసి ఉండరు.

అమెరికా తత్వవేత్త జార్జ్ హెర్బర్ట్ మీడ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. పసిపిల్లలు ముందు ఒక్కొక్క పాత్రే ఆడతారు, కాసేపు అమ్మ, కాసేపు డాక్టరు. తర్వాత జట్లుగా ఆడే ఆటల్లోకి వస్తారు. అక్కడ తన వంతు ఒక్కటే తెలిస్తే చాలదు, మిగతా అందరూ ఏం చేస్తారో, తన నుంచి ఏం ఆశిస్తారో కూడా తెలియాలి. అలా మనుషులందరి తరఫున ఒక గొంతు మన లోపల స్థిరపడుతుందంటాడు మీడ్. "నలుగురూ ఏమనుకుంటారు" అన్నప్పుడు మనం తలచుకునే ఆ నలుగురే. వాళ్లకు పేర్లు ఉండవు, ఇల్లు ఉండదు, కానీ మన ప్రతి నిర్ణయంలోనూ వేలు పెడతారు.

ఇక యవ్వనం దగ్గరికి వద్దాం. ఇక్కడ మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ ఎరిక్సన్ పేరు చెప్పకుండా ఎవరూ ముందుకు పోలేరు. ఆయన సిద్ధాంతం కంటే ముందు ఆయన కథ చెబుతాను. ఆ కథ తెలియకపోతే సిద్ధాంతం పొడిగా ఉంటుంది.

ఎరిక్సన్ 1902లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. తల్లి డెన్మార్క్‌కు చెందిన యూదు స్త్రీ. కన్నతండ్రి ఎవరో ఆయనకు జీవితాంతం తెలియలేదు. తల్లి తర్వాత హోంబర్గర్ అనే పిల్లల డాక్టరును పెళ్లి చేసుకుంది. ఆయనే నీ తండ్రి అని పిల్లవాడికి చెప్పారు. పిల్లవాడేమో పొడుగ్గా, బంగారు రంగు జుట్టుతో, నీలికళ్లతో పెరిగాడు. యూదుల ప్రార్థనాలయంలో పిల్లలు "నువ్వు మావాడివి కాదు" అని ఏడిపించారు. బడిలో పిల్లలు "నువ్వు యూదువి" అని ఏడిపించారు. చదువు అయ్యాక కొన్నేళ్లు బొమ్మలు వేసుకుంటూ యూరప్‌లో తిరిగాడు. ఆ తర్వాత వియన్నాలో అన్నా ఫ్రాయిడ్ దగ్గర మనోవిశ్లేషణ నేర్చుకున్నాడు. 1933లో అమెరికా చేరాడు. 1939లో అక్కడి పౌరసత్వం తీసుకునేటప్పుడు ఎరిక్సన్ అనే ఇంటిపేరు పెట్టుకున్నాడు. అంటే ఎరిక్ కొడుకు ఎరిక్. పెంచిన తండ్రి పేరు మధ్యలో ఒక్క అక్షరంగా మిగిలింది. యూదు మూలాన్ని దాచుకున్నాడని తర్వాత కొందరు ఆయన్ను తప్పుపట్టారు కూడా. ఎవరి మాట సరైనదో తేల్చడం నా పని కాదు గానీ, ఇతరులు ఇచ్చిన పేరుకు ఒక మనిషి ఇచ్చిన జవాబుగా దీన్ని చూడండి.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు వైద్యం చేస్తున్నప్పుడు ఎరిక్సన్‌కు ఒకటి కనిపించింది. వాళ్లకు తమ పేరు తెలుసు, ఊరు తెలుసు. కానీ యుద్ధానికి ముందున్న తామూ ఇప్పటి తామూ ఒకే మనిషి అన్న భావం తెగిపోయింది. దానికి ఆయన వాడిన పేరే గుర్తింపు సంక్షోభం. అదే మాటను తర్వాత యవ్వనానికి తీసుకొచ్చాడు. ఆయన చెప్పిన ఎనిమిది దశల్లో అయిదోది ఇది. నిన్నటి నేను, రేపటి నేను ఒకరేనని లోపల అనిపించాలి. నన్ను చూసే జనానికి కూడా అలాగే అనిపించాలి. ఈ రెండూ కలిసినప్పుడే గుర్తింపు కుదురుకుంటుంది. రెండో షరతును మనం మర్చిపోతుంటాం. మనిషి మారానని ఎంత చెప్పినా చుట్టుపక్కల వాళ్లు ఒప్పుకోకపోతే ఆ మార్పు నిలబడటం ఎంత కష్టమో, మద్యం మానేసిన మనిషిని అడగండి, జైలు నుంచి వచ్చిన మనిషిని అడగండి.

యవ్వనంలో కొంతకాలం ఏ నిర్ణయానికీ కట్టుబడకుండా, రకరకాల వేషాలు వేసి చూసుకునే వెసులుబాటు సమాజం ఇవ్వాలంటాడు ఎరిక్సన్. బాగుంది. కానీ ఆ వెసులుబాటు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? పన్నెండేళ్లకే పనికి పోవాల్సిన పిల్లకు, పదహారేళ్లకే పెళ్లి చేసేసిన పిల్లకు ఆ విరామం ఎక్కడిది? ఈ సిద్ధాంతం చదువుకునే పిల్లలను, అందులోనూ మగపిల్లలను దృష్టిలో పెట్టుకుని అల్లినదన్న విమర్శ న్యాయమైనదే.

1966లో జేమ్స్ మార్షియా అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని కొంత కొలవగలిగేలా చేశాడు. ఆయన చూసినవి రెండే సంగతులు: వెతికావా, తేల్చుకున్నావా? దాన్ని బట్టి నాలుగు రకాల వాళ్లు వస్తారు. వెతికి తేల్చుకున్నవాళ్లు. ఇంకా వెతుకుతూ ఉన్నవాళ్లు. వెతక్కుండానే తేల్చేసుకున్నవాళ్లు, అంటే నాన్న డాక్టరు కాబట్టి నేనూ డాక్టరునే అనేవాళ్లు. వెతకనూ లేదు, తేల్చుకోనూ లేదు అనే నాలుగో రకం. వీటిని మెట్లలాగా చదవకండి. మనిషి చదువు విషయంలో ఒక చోట, మతం విషయంలో ఇంకో చోట ఉండొచ్చు. నలభై ఏళ్లకు మళ్లీ మొదటికి రావచ్చు.

ఎలాగూ నలభై ఏళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు వెళతాను. 2013లో జోర్డీ క్వాడ్‌బాక్, డేనియల్ గిల్బర్ట్, టిమొతీ విల్సన్ 19,000 మందికి పైగా జనాన్ని పరిశీలించారు. వయసు 18 నుంచి 68 దాకా. గత పదేళ్లలో మీరు ఎంత మారారు, వచ్చే పదేళ్లలో ఎంత మారతారు అని అడిగారు. అన్ని వయసుల వాళ్లూ ఇంచుమించు ఒకే మాట చెప్పారు: ఇప్పటిదాకా బాగా మారాను, ఇకమీదట పెద్దగా మారను. ప్రతి వయసులోనూ మనిషి తాను పూర్తిగా తయారైపోయానని అనుకుంటాడు.

మనల్ని మనంగా కలిపి ఉంచేది జ్ఞాపకమేనని పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ వాదించాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ 1981లో కెనడాలో మోటార్‌సైకిల్ ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న ఒక రోగి ఉండేవాడు. పరిశోధనల్లో కె.సి. అన్న అక్షరాలతోనే పిలిచేవారు. తన జీవితంలో జరిగిన ఒక్క సంఘటన కూడా ఆయనకు గుర్తుకు వచ్చేది కాదు. ప్రమాదం తర్వాత స్వభావం కూడా మారింది. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసిన ఎండెల్ టుల్వింగ్ ఆయనకు కొన్ని లక్షణాలు చదివి, "ఇవి నీకు ఎంతవరకు వర్తిస్తాయి?" అని అడిగాడు. ఆయన జవాబులు, ఇప్పటి కొడుకు గురించి తల్లి ఇచ్చిన జవాబులతో బాగా సరిపోయాయి. ఒక్క రోజు కూడా గుర్తులేని మనిషికి తానెలాంటివాడో తెలుసు! ఆయన దగ్గర లేనిది కథ. నేను ఎక్కడ మొదలై, ఏం దాటి, ఇక్కడికి ఎలా వచ్చాను అని చెప్పుకునే కథ. మనలాంటి వాళ్లం యవ్వనం నుంచి ఆ కథను అల్లుతూ, తిరగరాస్తూ ఉంటామని 1980ల నుంచి డాన్ మెక్‌ఆడమ్స్ చెబుతూ వచ్చాడు. అదే కష్టాన్ని ఒకరు "దాని వల్లే నిలబడ్డాను" అని చెబుతారు, ఇంకొకరు "అక్కడి నుంచే అంతా పాడైంది" అని చెబుతారు. జరిగింది ఇద్దరికీ ఒకటే అయినా మనుషులు వేరుగా తయారవుతారు.

ఇప్పటిదాకా ఒక్క మనిషి గురించి మాట్లాడాం. ఇక గుంపు.

సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ టాజ్‌ఫెల్ 1919లో పోలండ్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. చదువుకోసం ఫ్రాన్స్ వెళ్లి, యుద్ధం రాగానే ఫ్రెంచి సైన్యంలో చేరాడు. 1940లో జర్మన్లకు పట్టుబడ్డాడు. యూదుణ్నని దాచలేదు, కానీ ఫ్రెంచివాణ్నని చెప్పాడు. ఫ్రెంచి యుద్ధఖైదీగా శిబిరాల్లో ఉండి యుద్ధం అయ్యేదాకా బతికాడు. పోలండ్ యూదు అని తెలిసి ఉంటే చంపేసేవారు. కాపలావాళ్లలో ఎవరితో ఎంత స్నేహంగా ఉన్నా, తన గుణం ఎంత మంచిదైనా, ఆ ఒక్క ముద్ర ముందు అవేవీ పనిచేయవని ఆయనకు ఆ అయిదేళ్లూ తెలుస్తూనే ఉంది. తిరిగొచ్చేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు.

ఆ మనిషి తర్వాత ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. మనుషుల మధ్య వివక్ష పుట్టడానికి కనీసం ఎంత కావాలి అన్నది ఆయన ప్రశ్న. పాత పగ కావాలా? ఆస్తి తగాదా కావాలా? పద్నాలుగు, పదిహేనేళ్ల స్కూలు పిల్లలను తీసుకొచ్చి, తెర మీద చుక్కలు చూపించి ఎన్ని ఉన్నాయో చెప్పమన్నాడు. తర్వాత ఒక్కొక్కణ్నీ పిలిచి "నువ్వు ఎక్కువగా లెక్కేసే గ్రూపు", "నువ్వు తక్కువగా లెక్కేసే గ్రూపు" అని చెప్పాడు. నిజానికి గ్రూపులు ఇష్టమొచ్చినట్టు చేసినవే. తన గ్రూపులో ఇంకా ఎవరున్నారో పిల్లవాడికి తెలియదు. తర్వాత ఇద్దరు పిల్లలకు పాయింట్లు పంచమన్నారు. వాటికి చివర్లో కాస్త డబ్బు వస్తుంది. ఆ ఇద్దరి పేర్లు ఉండవు, నెంబరూ గ్రూపూ మాత్రమే. పంచేవాడికి తన పంపకం వల్ల ఒక్క పైసా రాదు.

ఇద్దరూ ఒకే గ్రూపు వాళ్లయితే పిల్లలు చక్కగా సమానంగా పంచారు. ఒకడు తన గ్రూపు, ఇంకొకడు అవతలి గ్రూపు అయితే తన వాడికి ఎక్కువ ఇచ్చారు. చుక్కల లెక్క కోసం! అంతకంటే విచిత్రం ఇంకోటి. కొన్ని పట్టికల్లో ఒక చివర తన వాడికి 19, అవతలి వాడికి 25. రెండో చివర తన వాడికి 7, అవతలి వాడికి 1. మధ్యలో ఇద్దరికీ 13. తన గ్రూపుకు లాభమే ముఖ్యమైతే 19 ఎంచుకోవాలి కదా? పిల్లల మొగ్గు 13కు ఇవతల, తన వాడికి తగ్గినా సరే అవతలి వాడి కంటే ముందుండే వైపుకు వెళ్లింది. లాభం తగ్గినా ఫరవాలేదు, తేడా కనబడాలి. పిల్లలు మరీ చివరి 7 దాకా పోలేదు, న్యాయం అన్న ఆలోచన కూడా చెయ్యి పట్టి లాగిందని టాజ్‌ఫెల్ బృందమే రాసింది. తర్వాత నాణెం ఎగరేసి గ్రూపులు చేస్తున్నామని బాహాటంగా చెప్పి చూశారు. అప్పుడూ పక్షపాతం కనిపించింది.

దీని నుంచే 1979లో టాజ్‌ఫెల్, జాన్ టర్నర్ సామాజిక గుర్తింపు సిద్ధాంతాన్ని వివరంగా రాశారు. నా విలువలో కొంత నా గుంపు విలువ నుంచి వస్తుంది. కాబట్టి నా గుంపు పక్క గుంపు కంటే మెరుగ్గా కనబడాలి. మ్యాచ్ గెలిస్తే "మనం గెలిచాం", ఓడితే "వాళ్లు ఓడిపోయారు" అంటాం చూడండి, అక్కడ పనిచేసేది ఇదే.

అయితే మనుషులు పుట్టుకతోనే గుంపు పిచ్చివాళ్లని దీన్నుంచి తేల్చేయడం నాకు ఇష్టం లేదు. ముజాఫర్ షెరీఫ్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో ఓక్లహోమాలో పదకొండేళ్ల వయసు పిల్లలు 22 మందితో వేసవి శిబిరం పెట్టాడు. రెండు జట్లు ముందు విడివిడిగా ఉన్నాయి. తర్వాత పోటీలు పెట్టగానే జెండాలు తగలబెట్టుకునేదాకా వచ్చింది. మంచినీళ్ల సరఫరా ఆగిపోయినట్టు, ట్రక్కు మొరాయించినట్టు చేసి, ఇద్దరూ కలిస్తే గానీ తీరని ఇబ్బందులు కల్పించాక మెల్లగా కలిశారు. ఇది అందరూ చెప్పే కథ. చెప్పనిది ఏమిటంటే, అంతకు ముందు ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాంటి ప్రయోగమే చేయబోయి షెరీఫ్ విఫలమయ్యాడు. ఆ శిబిరంలో పిల్లలను ముందు కలిసి ఉండనిచ్చి, స్నేహాలు కుదిరాక రెండు జట్లుగా విడదీశారు. ఎంత రెచ్చగొట్టినా వాళ్లు కొట్టుకోలేదు. పెద్దవాళ్లే ఏదో చేస్తున్నారని పసిగట్టారు కూడా. జట్టు పేరు కంటే ముందు మనిషి పరిచయమైతే పేరు అంత తేలిగ్గా పనిచేయదు.

ఇక నేను ఆగుతానన్న చోటికి వచ్చాం. చుక్కల గ్రూపులు రెండూ సమానం. లోకంలో గ్రూపులు సమానంగా ఉండవు. 1940ల్లో అమెరికాలో నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తలైన కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు మూడు నుంచి ఏడేళ్ల నల్లజాతి పిల్లల ముందు బొమ్మలు పెట్టారు. రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్నాయి. మంచి బొమ్మ ఏది అంటే ఎక్కువ మంది తెల్లదాన్ని చూపించారు. చెడ్డది ఏది అంటే నల్లదాన్ని చూపించారు. ఆ తర్వాత "నీలా ఉన్న బొమ్మ ఏది?" అని అడిగారు. కొందరు పిల్లలు ఏడ్చారు, కొందరు గదిలోంచి పారిపోయారు. 1954లో బడుల్లో జాతి విభజన చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒక ఫుట్‌నోట్‌లో క్లార్క్ పరిశోధనను ప్రస్తావించింది. మూడేళ్ల పిల్లకు ఈ లెక్క ఎవరు నేర్పారు? కూర్చోబెట్టి ఎవరూ నేర్పి ఉండరు. బొమ్మల్లో, బడిలో, వీధిలో, పెద్దవాళ్ల గొంతులో విని తనే నేర్చుకుంది.

అమర్త్యసేన్ రాసిన ఒక సంఘటన చెప్పి ప్రశ్నల్లోకి వెళతాను. 1944లో ఢాకాలో ఆయన పదేళ్ల పిల్లవాడు. మతకల్లోలాలు జరుగుతున్నాయి. కత్తిపోట్లతో రక్తం కారుతున్న ఒక మనిషి వాళ్ల ఇంటి ఆవరణలోకి వచ్చాడు. పేరు కాదర్ మియా, రోజుకూలీ. హిందువులు ఎక్కువగా ఉండే ఆ ప్రాంతానికి వెళ్లొద్దని భార్య చెప్పింది. ఇంట్లో తిండి లేదు, పని కోసం వచ్చాడు. సేన్ తండ్రి ఆస్పత్రికి తీసుకెళ్లినా బతకలేదు. పొడిచినవాళ్లకు ఆయనలో కనిపించింది ముస్లిం ఒక్కటే. ఆయన కూలీ, భర్త, తండ్రి, ఆకలితో ఉన్న మనిషి. ఆ కల్లోలాల్లో చనిపోయిన హిందువుల్లోనూ ముస్లింలలోనూ పేద కూలీలే ఎక్కువ అన్నది సేన్ గమనించిన సంగతి. ఆ ఉమ్మడి గుర్తింపును ఎవరూ చూడలేదు. మనకు ఒకటి కంటే ఎక్కువ గుర్తింపులు ఉంటాయని అందరికీ తెలుసు. ఏ సమయంలో ఏది లెక్కలోకి రావాలో చెప్పే హక్కు ఎవరి చేతిలో ఉందన్నదే అసలు గొడవ. చుట్టూ బలంగా ఉన్నవాళ్లు దాన్ని మన చేతిలోంచి లాగేసుకోవచ్చు.

ఇక ప్రశ్నలు అడగండి.

(సభికుల్లో ఒకరు: మా అబ్బాయికి ఇరవై మూడేళ్లు. ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదండి. మాకేమో టెన్షన్.)

మీ టెన్షన్ అర్థమైందండి. ఒకటి అడుగుతాను, ఆ అబ్బాయి వెతుకుతున్నాడా, లేక వెతకడమే మానేశాడా? రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. వెతుకుతున్న పిల్లవాడు అయోమయంగా ఉంటాడు, వాదిస్తాడు, నెలకో ప్లాను చెబుతాడు. చూసేవాళ్లకు చిరాకే, కానీ అది పని జరుగుతున్న లక్షణం. 2010లో క్రోగర్, మార్టినుసెన్, మార్షియా కలిసి ఈ తరహా అధ్యయనాలన్నీ పోగేసి చూశారు. యవ్వనం దాటి పెద్దవాళ్లయ్యాక కూడా చాలామంది ఇంకా తేల్చుకోని స్థితిలోనే ఉన్నారు. కాబట్టి మీవాడు వింత కాదు. ఏ ఆసక్తీ లేక, ఎవరితోనూ మాట్లాడక ఉంటే మాత్రం అది వేరే సంగతి. అప్పుడు కెరీర్ సలహా కాదు, డాక్టరును కలవండి.

(ఇంకొకరు: సోషల్ మీడియా వల్ల పిల్లలు రెండు ముఖాలతో పెరగడం లేదా?)

రెండే అయితే తక్కువే. మనల్ని ఎరిగినవాళ్లు ఎంతమందో మనకు అన్ని సామాజిక ముఖాలు ఉంటాయని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశాడు. ఫోన్ తెచ్చిన ఇబ్బంది వేరు. ఇదివరకు అమ్మానాన్నల ముందు ఒకలా, స్నేహితుల ముందు ఒకలా ఉండే వీలుండేది, ఆ రెండు గుంపులూ ఒకచోట కలిసేవి కావు. ఇప్పుడు అందరూ ఒకే తెర ముందు కూర్చున్నారు. పదిహేనేళ్లప్పుడు వేసి చూసిన వేషం ముప్పై ఏళ్లకు కూడా వెతికితే దొరుకుతుంది. వేషాలు వేసి వదిలేయడానికి ఉండే చోటు తగ్గిపోయింది, నా బెంగ దాని గురించి.

(వెనక వరుస నుంచి: చిన్నప్పుడు పడ్డ ముద్రను పెద్దయ్యాక చెరుపుకోగలమా అండీ?)

దీనికి టాజ్‌ఫెల్, టర్నర్ దగ్గర సూటి జవాబు ఉంది. తక్కువగా చూడబడే గుంపులో పుట్టినవాళ్లకు మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది, ఆ గుంపులోంచి బయటికి నడిచి పైగుంపులో కలవడం. తలుపు తెరిచి ఉంటేనే ఇది కుదురుతుంది. చర్మం రంగును బట్టి, పుట్టుకను బట్టి తలుపు మూసేసిన చోట ఎంత సంపాదించినా, ఎంత చదివినా కుదరదు. రెండోది, ముద్ర అర్థాన్ని మార్చేయడం. 1960ల్లో అమెరికాలో నల్లజాతి వాళ్లు నలుపే అందం అన్నారు. అంతకుముందు సిగ్గుపడమని చెప్పిన జుట్టునే గర్వంగా పెంచుకున్నారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టినప్పుడు, ఇతరులు దయతో పెట్టిన పేరు వద్దని, అణచివేతను సూటిగా చెప్పే పేరును తామే పెట్టుకున్నారు. మూడోది, హోదాల లెక్కనే మార్చడానికి నేరుగా పోరాడటం. మొదటిది ఒక్కరు చేయగలరు. మిగతా రెండూ ఒక్కరి వల్ల అయ్యేవి కావు, పక్కన ఇంకొందరు నిలబడాలి. కాబట్టి మీ ప్రశ్నలో "చెరుపుకోగలమా" అన్నప్పుడు ఆ "మనం" ఎంతమంది అన్నదాన్ని బట్టి జవాబు మారుతుందండి.